రూతు గ్రంథానికి నేను కట్టిన కాలం

పండితులు పాత గ్రంథాల కాలం తేల్చి పేరు తెచ్చుకుంటారు. నేను ఒక్క గ్రంథం కాలం తేల్చబోయి, కడుపుతో ఉన్న ఒక పిల్లని అత్తవారి గుమ్మం ఎక్కకుండా ఆపేశాను. అదీ గంటలోపు, ఒక్క సుద్దముక్క అరగదీసి. మీరు హాయిగా నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. నాకు మాత్రం ఆ గంట గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

అరవైల చివరి మాట. మాది గజపతినగరం పక్క పల్లె. మా తాతల నాడే మిషను దొరల దగ్గర బాప్తిస్మం పుచ్చుకున్న కుటుంబం. నేను బైబిలు పాఠశాలలో ఏడాది చదివి సెలవులకి ఇంటికొచ్చాను. నిండు కుండ తొణకదంటారు. నా కుండలో ఉన్నవి అడుగున నాలుగు చుక్కలు. ఆ నాలుగూ ఎవరి నెత్తిన చిలకరిద్దామా అని ఊరంతా తిరుగుతున్నాను.

పాఠశాలలో నన్ను వెర్రెత్తించిన విద్య ఒక్కటే. ఏ గ్రంథం ఎప్పుడు రాశారో లోపలి ఆనవాళ్లు పట్టి తేల్చడం. అది వంటబట్టాక మా నాయనమ్మ సామెత చెబితే చాలు, అది ఏ కాలంలో పుట్టి ఉంటుందో వివరించి గానీ అన్నం ముట్టేవాణ్ణి కాదు. పాపం ఆవిడ సామెతలు మానేసింది.

ఇప్పుడు అసలు మనుషుల సంగతి. మా మేనత్త మార్తమ్మ. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు దేవదానం, నాకు బావ. ఆ ఏడే వాడు పైడితల్లి అనే అమ్మాయిని చేసుకున్నాడు. గ్రామదేవత పేరు, వింటేనే తెలుస్తోందిగా, మా సంఘం పిల్ల కాదు. పక్క ఊరి రైతు కూతురు. "సచ్చినా మా గడప తొక్కకు" అని ఆ పిల్ల పుట్టింటివాళ్లు తలుపేసుకున్నారు. మా అత్తా తలుపేసుకుంది. ఇద్దరూ ఊరి చివర పూరిపాకలో కాపురం పెట్టారు. అంతలో పిల్ల నెల తప్పింది. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. పుట్టిల్లు మూసుకుపోయిన పిల్లకి మిగిలింది అత్త గుమ్మం ఒక్కటే.

పాస్టరు గారిని మేమంతా అయ్యగారు అంటాం, బైబిల్ని వాక్యం అంటాం. ఆయన మా అత్త దగ్గర కూర్చుని బతిమాలి బతిమాలి చివరికి ఒక మాట రాబట్టారు.

"నానేటి సెప్పలేనయ్యా. వాక్యం ఏటి సెప్తే అది సేత్తాను. పంట పండగ నాడు సంగం ముందర ఇంటాను. తెచ్చుకోమంటే కోడల్ని సెయ్యట్టుకుని తీసుకొస్తాను. ఒద్దంటే ఒద్దు."

మా సంఘంలో పంట పండగంటే పెద్ద సంబరం. కొత్త పంటలో కొంత తెచ్చి గుడిలో అర్పిస్తాం, ఆరాధన అయ్యాక వేలం వేస్తాం, అందరం కలిసి భోంచేస్తాం. ఆ రోజు ప్రసంగానికి అయ్యగారు బైబిల్లోని రూతు గ్రంథం ఎంచుకున్నారు. కోతల కాలం, పరాయి జాతి కోడలు, అత్తని వదలనంటుంది, ఆ కోడలి వంశంలోనే దావీదు రాజు పుడతాడు. ఇంకేం కావాలండీ? కళ్లు మూసుకుని రాయి విసిరినా కాయ రాలుతుంది.

సరిగ్గా పండగ ముందు అయ్యగారికి కడుపునొప్పి వచ్చి విజయనగరం ఆసుపత్రిలో చేర్చారు. ఆపరేషను అన్నారు. ప్రసంగం ఎవరు చెబుతారు? ఊళ్లో బైబిలు చదువు చదివిన మొనగాణ్ణి నేనే కదా!

దేవదానం మా ఇంటికొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఒరే బావా, నీకు దండం పెడతాను. కత సదివీసి కూకోరా. నాలుగు అద్దేయాలే గదా. మా అమ్మకి కత సాలు."

"ఉత్త కథ చెబితే ఏం బాగుంటుందిరా? కాస్త లోతుగా చెప్పాలి."

"లోతు ఒద్దురా. మా అమ్మకి ఈత రాదు."

వాడు అప్పుడే నన్ను కట్టేసి, ఆ గ్రంథం ఎవరైనా అయిదో తరగతి కుర్రాడి చేతికిచ్చి ఉంటే ఈ సోదంతా మీకు తప్పేది.

పండగ రోజు గుడి నిండిపోయింది. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క చాపల మీద. ముందర చోళ్లు, నువ్వులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. మా అత్త ఉతికిన తెల్లచీర కట్టుకుని మొదటి వరసలో కూర్చుంది. పైడితల్లి గుమ్మం దగ్గర ఒదిగి కూర్చుంది. నేను బడి నుంచి నల్లబల్ల మోయించుకొచ్చి ప్రసంగపు బల్ల పక్కన నిలబెట్టించాను. ఆ బల్ల చూడగానే దేవదానం మొహం మాడిపోయింది.

"ప్రియులారా, ఈ గ్రంథంలో ఏముందో మీకందరికీ తెలుసు," అన్నాను. అక్కడే కొంప మునిగింది. మా అత్తకి తెలీదు. ఆవిడకి చదువు రాదు. గుమ్మం దగ్గర కూర్చున్న పిల్లకి అసలే తెలీదు. "మనం తేల్చవలసింది, ఇది ఎప్పుడు రాశారు అన్నది!"

బల్ల మీద ఒక గీత గీశాను. ఇటు న్యాయాధిపతుల కాలం, అటు యూదుల్ని బబులోనుకి చెరపట్టుకుపోయిన కాలం, నడుమ రాజులు. మొదటి ఆనవాలు చెప్పాను. కథలో ఒకడు బేరం ఖాయమని చెప్పడానికి చెప్పు విప్పి ఇస్తాడు. రాసినాయన దాన్ని 'పూర్వకాలపు ఆచారం' అని వివరించాడు. అంటే ఆయన రోజులకి అది పోయిందన్నమాట!

"పోడవేటి బాబూ?" అన్నాడు సొలొమోను తాత. "మొన్నే గట్టు తగువులో మా బావమరిది నా మీదకి సెప్పు ఇప్పీసినాడు."

గుడంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. పాండిత్యం మీద చెప్పులు పడుతుంటే ఊరుకుంటానా? గొంతు పెంచాను.

"కొందరు ఇది తొలి రోజుల్లోనే రాశారంటారు. కొందరు చెరనుంచి తిరిగొచ్చాక, ఎజ్రా అనే యాజకుడి కాలంలో రాశారంటారు. ఎందుకలా అంటారో తెలియాలంటే, ఎజ్రా ఏం చేశాడో ముందు తెలియాలి!"

ఇక చూడండి నా విజృంభణ. జనమంతా యెరూషలేములో మైదానంలో కూర్చున్నారు, కుండపోత వాన, చలికీ భయానికీ వణికిపోతున్నారు, ఎజ్రా లేచి నిలబడి పరాయి జాతి భార్యల్ని వదిలేయమన్నాడు అని, నేనే తడిసినట్టు వణికి మరీ చెప్పాను. అంతవరకూ ఆవులించిన జనం నోళ్లు తెరుచుకుని వింటున్నారు. కోళ్లు కూడా అరవడం మానేశాయి.

మా అత్త లేచి నిలబడింది. ఇంట్లో ఒరే అని పిలిచే మనిషి, నేను ప్రసంగపు బల్ల వెనక ఉన్నానని మర్యాద చేసింది.

"పంపీసినారా బాబూ?"

"పంపేశారు!"

"పిల్లల్తో కూడానా?"

"పిల్లలతో కూడా!" అన్నాను. ఒక్క మనిషైనా ఇంత శ్రద్ధగా వింటోందని నాకు ఎంత సంతోషమో!

"ఇది వాక్యమేనా బాబూ?"

"ముమ్మాటికీ వాక్యమే!"

"సాలు," అని మా అత్త కొంగు నెత్తిన కప్పుకుని కూర్చుంది. గుమ్మం దగ్గర పైడితల్లి లేచి, చడీ చప్పుడూ లేకుండా బయటికి వెళ్లిపోయింది. అప్పుడు గానీ నా బుర్రకి ఎక్కలేదు, నేను ఏ మాట ఎవరి ఎదుట అన్నానో. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నేను కోతిని కూడా పూర్తి చేయలేదు, తోక దగ్గరే పట్టుబడ్డాను.

"అత్తా, అది కాదు! ఆ ఎజ్రా మాటకి ఎదురుచెప్పడానికే ఈ రూతు గ్రంథం రాశారని పండితులు..."

"ఎవులు రాసినారు?"

"పేరు తెలీదు."

"ఎప్పుడు రాసినారు?"

"అదే... ఖాయంగా తేలలేదు."

"పేరు తెలీదు, ఏడు తెలీదు. ఎజ్రాగారికి పేరున్నాది, ఊరున్నాది. ఎవుల మాట ఇనమంటావు బాబూ?"

ముందు నుయ్యి, వెనక నల్లబల్ల. కథ ఎత్తుకుందామని గ్రంథం తెరిచాను. వంటపాక దగ్గర్నుంచి అన్నం మాడిపోతోందని కేకేశారు. సంఘమంతా లేచిపోయింది.

దేవదానం నన్ను కొడతాడనే అనుకున్నాను. కొడితే బాగుండును కూడా. వాడు చెయ్యెత్తలేదు.

"నాను నిన్నేటడిగినాను బావా? కత సెప్పమన్నాను," అని భార్య వెళ్లిన దారిన వెళ్లిపోయాడు.

సాయంత్రం సిగ్గు చంపుకుని అత్త ఇంటికి వెళ్లాను. గదిలోకి తొంగి చూశాను. పేడతో అలికి ముగ్గు పెట్టి ఉంది. కొత్త చాప పరిచి ఉంది. దండెం మీద కొత్త చీర.

"సూత్తన్నావేటి? కోడలు వస్తాదని నానే అలికినాను," అంది అత్త. "తెచ్చుకోమనే సెప్తాదనుకున్నాను వాక్యం. సంగంలో మాటిచ్చీసినాను. ఇప్పుడు నాకు నచ్చిన మాటే ఇంటానంటే దేవుడు నవ్వడా?"

ఆవిడ కూడా తెచ్చుకోవాలనే ఎదురుచూసిందండీ! తలుపు తీసి పట్టుకుని నిలబడిన మనిషి చేతనే తలుపు మూయించాను. పళ్లెం నిండా అన్నం పెట్టింది.

అయ్యగారు ఆసుపత్రి నుంచి వచ్చీ రాగానే, కుట్లు ఆరకుండానే కర్ర పట్టుకుని వెళ్లి, నాలుగు అధ్యాయాలూ అత్తకి చదివి వినిపించారు. నేను వెనకాల దొంగలా నిలబడ్డాను. రూతు అత్త వెంట నడిచొచ్చిన చోట అత్త కళ్లు తుడుచుకుంది. హమ్మయ్య అనుకున్నాను.

"బాగున్నాదయ్యా. మరి అదీ వాక్యమే, ఇదీ వాక్యమే. మా అయ్య రెండు వీలునామాలు రాసినాడు. ఆఖరున రాసిందే సెల్లుతాదన్నారు కోర్టులో. ఇందులో ఆఖరున రాసింది ఏదో సెప్పండి."

"రూతే అత్తా! రూతే వెనకాల రాశారు!" అని గావుకేక పెట్టాను.

"ఆవేళ ఖాయంగా తెలీదన్నావు గదరా?"

లోకంలో ఎక్కడైనా ఒక గ్రంథం కాలం తేలడం మీద ఒక పిల్ల బతుకు ఆధారపడిందా? మా ఊళ్లో పడింది. పాఠశాలకి తిరిగెళ్లి మా గురువుగారి కాళ్లమీద పడినంత పని చేశాను.

"అయ్యా, రూతు వెనకాల రాసిందేనని ఒక్క ముక్క ఖాయంగా చెప్పండి."

"చెప్పలేం నాయనా. ముందే రాశారనే వాళ్లూ ఉన్నారు. నీకెందుకంత తొందర?"

ఒక అమ్మాయికి నెలలు నిండుతున్నాయని ఎలా చెప్పను?

నేను మళ్లీ సెలవులకి వచ్చేసరికి పైడితల్లికి కాన్పు అయిపోయింది. ఆ పూరిపాకలోనే. అమ్మా, అత్తా ఎవరూ లేకుండా నొప్పులు మొదలయ్యాయట. మా అత్త ఆ దారిన గడ్డిమోపుతో పోతూ కేక విందట. మోపు అక్కడే పారేసి లోపలికి వెళ్లిందట. మనవణ్ణి తన చేతులతోనే పట్టుకుందట. తల్లీ బిడ్డా తేరుకోగానే ఇద్దర్నీ ఇంటికి తెచ్చేసుకుంది.

"మరి ఎజ్రా, అత్తా?" అని నేను నోరు జారాను.

"నోర్ముయ్యి. ఆడపిల్ల కేకేత్తంటే ఏ పుస్తకం ముందు, ఏది ఎనకాలని అడుగుతామేటి? ఆ ముక్క నాకు ఆవేళే తోచాల. నీకూ తోచాల."

పైడితల్లి మాత్రం నాకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆ మజ్జిగ తాగుతుంటే నాకు కలిగిన సిగ్గు ఇంకే తిట్టుకీ కలగలేదు. తొలిచూలు నెలలన్నీ ఆ పిల్ల ఆ పాకలో భయపడుతూ గడిపింది. అత్త ఎంత ప్రేమ చూపించినా ఆ నెలలు తిరిగి రావు. అవి పట్టుకుపోయింది నేనే.

తర్వాతి ఆదివారం బిడ్డని దేవునికి ప్రతిష్ఠించడానికి గుడికి తెచ్చారు. మేం పసిబిడ్డలకి బాప్తిస్మం ఇవ్వం, సంఘం ముందు ప్రార్థన చేస్తాం. అత్త మనవణ్ణి ఎత్తుకుని ముందుకొచ్చింది. నేను మూల స్తంభం వెనక కూర్చున్నాను. అయ్యగారు అడిగారు.

"బిడ్డ ఎప్పుడు పుట్టాడమ్మా?"

"తేదీ నాకేటి తెలుసయ్యా? మన సుందరంగాడు పెసంగం సెప్పి నా కోడల్ని గెంటించీసినాడు సూడండి, ఆ పండగెల్లిన ఆరో నెల."

సంఘమంతా "ఆఁ, ఆఁ" అని తలలూపింది. ఒక్కరికీ అనుమానం రాలేదు. అప్పటినుంచీ మా ఊళ్లో ఆవు ఈనినా, నుయ్యి తవ్వినా, ఎవరైనా పోయినా లెక్క అక్కణ్ణుంచే. సుందరం పెసంగానికి ముందు, సుందరం పెసంగానికి తర్వాత. రూతు గ్రంథం కాలం మీద పండితులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. నా ప్రసంగం కాలం మీద మాత్రం మా మండలంలో భిన్నాభిప్రాయం లేదు.

కాబట్టి చదువరులారా, మీ అందరి సాక్షిగా నిలబడి, చెయ్యెత్తి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ గ్రంథమైనా ఎప్పుడు రాశారని ఎవరైనా నన్నడిగితే, "మనం పుట్టకముందు" అని చెప్పి, కథ చదివేసి, కూర్చుంటాను.