మూడేండ్ల పెద్దరికం

సెంటినరీ కాలనీ దేవసహాయం గనిలోకి దిగడం మానేసి నాలుగేళ్లయింది. ఇప్పుడు వంశం లోతుల్లోకి దిగుతున్నాడు. చంకలో పొడుగాటి నోటుబుక్కు, జేబులో భూతద్దం. చుట్టాలింటికి చావు పరామర్శకు వెళ్లినా సరే, వాళ్ల కన్నీళ్లు ఆరకముందే "మీ తాత ఏ సంవత్సరంల పుట్టిండు?" అని పెన్ను తీస్తాడు. ఇంట్లో మాత్రం ఆయన అడగడు, చెప్తాడు. ఏ మాట తేడా వచ్చినా "నీకన్నా మూడేండ్లు పెద్దోన్ని" అని భార్య సుసన్నా నోరు మూయించడం ముప్పై ఎనిమిదేళ్ల అలవాటు.

మొన్న మందమర్రి వెళ్లి, తామిద్దరూ పుట్టి పెరిగిన వాడలోని చర్చిలో పాత బాప్తిస్మాల రిజిస్టరు తెరిపించాడు. సుసన్నా పేరు, పుట్టిన తేదీ ముందే కనిపించాయి. ఇంకో రెండు పేజీలు తిప్పితే గానీ తన పేరు రాలేదు. భూతద్దం తుడుచుకుని మళ్లీ చూశాడు. భార్య తనకన్నా ఐదు నెలలు పెద్దది! తనకు గనిలో కొలువు జల్ది దొరకాలని నాయిన కాగితాల్లో వయసు పెంచి రాయించాడని అప్పుడు వెలిగింది.

ఈ సంగతి దాచేద్దామా అని బస్సులో దారంతా ఆలోచించాడు. కానీ వంశవృక్షంలో అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా చెప్పేశాడు.

సుసన్నా చిక్కుడుకాయలు తుంచడం ఆపలేదు. "పెండ్లయిన వారానికే మీ అవ్వ చెప్పింది నాకు."

"మరి ఇన్నేండ్లు ఎందుకు ఊకున్నవ్?"

"చిన్నపిలగానివి, ఏడుస్తవని."