మేం సారె పెట్టి పంపిన రత్తమ్మ

1958లో నేను బందరులో ఒక స్త్రీల శరణాలయానికి మేట్రన్‌గా ఉండేదాన్ని. మేట్రన్ అంటే ఏదో పెద్ద హోదా అనుకోకండి. తాళం చెవులు, రిజిస్టర్లు, పాతికమంది ఆడవాళ్ళ కోపతాపాలు, వాళ్ళ పిల్లల దగ్గులూ జలుబులూ అన్నీ నా నెత్తినే ఉంటాయని అర్థం. మొగుడి దెబ్బలు తాళలేక పిల్లల్ని చంకనేసుకుని వచ్చినవాళ్ళే మా దగ్గర ఎక్కువ.

పాత పెంకుటిల్లు, ముందు పెద్ద అరుగు, వెనక కుట్టు మిషన్ల గది. పెడన నుంచి ఒక అద్దకం మేస్త్రీ వారానికి రెండుసార్లు వచ్చి ఆడవాళ్ళకి అచ్చులు వేయడం నేర్పేవాడు. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగిందంటే పెరట్లో ఆరేసిన గుడ్డలన్నీ ఒక్కసారిగా లేచేవి. పిల్లలు వాటి కింద దూరి కేకలు పెట్టేవారు. పనికి అడ్డమని వాళ్ళ మీద అరిచేదాన్ని గానీ, ఇప్పుడు ఆ కేకల కోసమే ప్రాణం కొట్టుకుంటుంది.

ఆ ఏడు మాఘమాసంలో రత్తమ్మ వచ్చింది. అవనిగడ్డ అవతల లంక ఊరు. పడవలో ఏరు దాటి, నడిచి, బస్సెక్కి వచ్చింది. పక్కన నాలుగేళ్ళ కూతురు. వీపు మీద వాతలు చూసి మా వంటామె సూరమ్మ కళ్ళు తుడుచుకుంది. నేను కేస్ హిస్టరీ రాసుకున్నాను. వచ్చిన మనిషి ఊరు, వయసు, కులం, పెళ్ళయి ఎన్నేళ్ళు, ఎందుకు వచ్చింది, ఇవన్నీ అడిగి రాసే కాగితం అది. రత్తమ్మకి తల్లి లేదు, అన్నదమ్ములు లేరు. మిషన్ మీద చెయ్యి మాత్రం చకచకా తిరిగింది. నెల తిరిగేసరికి జాకెట్లు కుట్టేసేది.

మా రిజిస్టర్లో చివరి గడి పేరు 'రెస్టోర్డ్'. అంటే రాజీ కుదిరి భర్త దగ్గరికి తిరిగి వెళ్ళిన మనిషి. ఆ గడిలో పేర్లు పెరిగితే కమిటీవారు మెచ్చుకునేవారు, నేను ఉబ్బిపోయేదాన్ని. అలా వెళ్ళేవాళ్ళని ఉత్త చేతులతో పంపకూడదని నేనే ఒక పద్ధతి పెట్టాను. పుట్టింటివాళ్ళు పంపినట్టు పంపాలి. సూరమ్మ పీట వేసి బొట్టు పెట్టేది. నేను క్రైస్తవురాలిని, బొట్టు పెట్టే పని నాది కాదు. అద్దకం చీర, రవికెల గుడ్డ, సున్నుండల డబ్బా నా చేతులతో ఇచ్చేదాన్ని. ఆ ముచ్చటకి నేనే మురిసిపోయేదాన్ని.

ఫాల్గుణంలో రత్తమ్మ భర్త వచ్చాడు. తెల్లటి పంచె, మెత్తటి మాట. వెంట ఊరి పెద్దమనిషి ఒకాయన.

"తప్పయిపోయిందండీ మేట్రనమ్మ గారూ. ఇంక చెయ్యెత్తనండీ. పాప మీద ఒట్టండీ" అన్నాడు.

కాగితం రాయించి సంతకం పెట్టించాను. రత్తమ్మ తలుపు వారన నిలబడి ఉంది.

"చూశావా, ఎంత బుద్ధిగా అడుగుతున్నాడో. వెళ్ళి బట్టలు సర్దుకో" అన్నాను.

సర్దుకుంది. పీట మీద కూర్చున్నాక చీర ఒళ్ళో పెట్టుకుని మెల్లగా అడిగింది.

"పుట్టింటివాళ్ళలాగే పంపుతున్నారు కదండీ. మరి ఆషాఢానికి తీసుకెళ్ళడానికి ఎవరైనా వస్తారా అండీ?"

"ఆషాఢం కొత్త కోడళ్ళకి గానీ నీకెందుకే?" అని నవ్వాను.

"పెళ్ళయిన ఏడు కూడా నాకోసం ఎవరూ రాలేదండీ."

"వస్తాంలే" అన్నాను. అందరూ నవ్వారు. ఆ సాయంత్రం రిజిస్టర్లో ఆమె పేరు ఎక్కించాను.

ఆషాఢం వచ్చింది, వెళ్ళింది. వానలు, కారే పెంకులు, పిల్లలకి కోరింత దగ్గు. రత్తమ్మ నాకు గుర్తుకు రాలేదు.

శ్రావణం మొదటివారంలో తనే వచ్చింది. ఎడమచెయ్యి తువ్వాలుతో మెడకి కట్టి ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్తే ఎముక విరిగి వంకరగా అతుక్కుందన్నారు. పిల్లకి మాట పడిపోయింది, ఎవరు పలకరించినా నోరు విప్పలేదు.

"ఎప్పుడు జరిగిందే ఇది?"

"ఆషాఢంలోనండీ. మీరొస్తారని రోజూ రేవుకెళ్ళి పడవలు చూసేదాన్నండీ. ఎవడికోసం చూస్తన్నావని కొట్టాడు."

ఆ మాట తిట్టినట్టు అనలేదు. చెప్పమన్నాను కాబట్టి చెప్పింది. తిట్టినా బాగుండేది. నవ్వులాటకి అన్న మాట పట్టుకుని ఒక మనిషి రోజుల తరబడి రేవులో నిలబడింది. సిగ్గుతో నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

పదిరోజులకి భర్త మళ్ళీ వచ్చాడు. అదే పెద్దమనిషి, అదే మెత్తటి మాట. ఈసారి మా కమిటీలో ఉన్న ప్లీడరు గారిని కూడా వెంటబెట్టుకొచ్చాడు.

"సంసారమన్నాక ఇవన్నీ ఉంటాయి మేట్రన్ గారూ. పంపించెయ్యండి" అన్నారు ప్లీడరు గారు. పంపిస్తే ఈసారి చెయ్యి విరగడంతో పోదని నాకు తెలుసు. పంపకపోతే నా ఉద్యోగం పోవచ్చు.

"ఒక్క నిమిషం కూర్చోండి" అని లోపలికి వెళ్ళాను. రత్తమ్మని మిషన్ల గదిలోకి పిలిచి తలుపు వేశాను.

"రత్తమ్మా, నీకు వెళ్ళాలని ఉందా?"

ఆమె నా ముఖంలోకి చూసింది.

"లేదండీ."

"మరి పోయినసారి ఎందుకు చెప్పలేదే?"

"పోయినసారి మీరు అడగలేదు కదండీ. బట్టలు సర్దుకోమన్నారు, సర్దుకున్నాను."

నిజమే. కులం అడిగాను, వయసు అడిగాను, ఎన్ని దెబ్బలో అడిగాను. ఇది మాత్రం అడగలేదు.

అరుగు మీదకొచ్చి "రత్తమ్మ రాదండీ" అని చెప్పాను. పెద్దమనిషి గొంతు పెంచాడు. ప్లీడరు గారు కాఫీ ముట్టకుండా లేచి వెళ్ళిపోయారు. ఉద్యోగం పోలేదు గానీ, ఆయన నాతో మళ్ళీ సరిగా మాట్లాడింది లేదు. రత్తమ్మ మా దగ్గరే ఉండి, వంకర చేత్తోనే కుట్టు నేర్పే టీచరయింది. ఆమె కూతురు బందరులోనే చదువుకుంది. పిల్లకి మాట తిరిగొచ్చిన రోజు సూరమ్మ ఇంటిల్లిపాదికీ పరమాన్నం వండింది.

ఆ తర్వాత ఏ భర్త వచ్చినా, ముందు ఆ మనిషిని మిషన్ల గదిలోకి పిలిచి, తలుపు వేసి, ఆ ఒక్క ప్రశ్న అడిగేదాన్ని. వెళ్తానన్నవాళ్ళని పంపాక, నెల తిరక్కుండా నేనే బస్సెక్కి వెళ్ళి చూసొచ్చేదాన్ని. ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అంతే. అది నాకు రత్తమ్మ చెయ్యి విరిగాక గానీ తెలియలేదు. ఆమెకంటే ముందు నేను మురిసిపోతూ సాగనంపిన ఆడవాళ్ళలో ఎవరికి వెళ్ళాలని ఉందో, ఎవరికి లేదో నాకు ఈనాటికీ తెలియదు.