బిడ్డ ఎవరి పోలిక?

వైటూకే సాఫ్ట్‌వేర్ పని మీద సింగపూర్‌లో ఉన్న రోజులవి. రాఫెల్స్ ప్లేస్‌లోని ఆఫీసుకి రైల్లో వెళ్తూ ఒక అమెరికన్ నవల చదివేవాణ్ణి. తెల్లగా పుట్టిన నల్లజాతి స్త్రీ ఆ సంగతి దాచి తెల్లవాణ్ణి పెళ్ళాడుతుంది. కడుపుతో ఉన్నప్పుడు, బిడ్డ నల్లగా పుడితే గుట్టు బయటపడుతుందని వణికిపోతుంది. నిజం చెప్పేస్తే పోయేదిగా అని నాకు విసుగ్గా ఉండేది.

ఒకరోజు రైల్లో ఫోన్లో రూమ్మేట్‌తో తెలుగులో మాట్లాడి పెట్టేయగానే, పక్కనున్న చైనా ఆవిడ నా చేతిలోని నవల చూపిస్తూ "ఏం కథ బాబూ అది?" అంది. శుభ్రమైన తెలుగు! అంతవరకూ మొహం తీరే చూశాను. చీర, బొట్టు అప్పుడు కనబడ్డాయి. తెలుగు ఎలా వచ్చని అడిగాను.

"ఆడపిల్లనని కన్నవాళ్ళు నన్ను తెలుగువాళ్ళకి ఇచ్చేశారు. ఇక్కడ అప్పట్లో మామూలే" అని నవ్వింది.

కథ చెప్పాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"నేను దాచడానికేముంది? మా ఆయన తెలుగువాడు, ఈ మొహం చూసే చేసుకున్నాడు. అయినా కాన్పుకి ముందు నాకూ అదే భయం. పురిటి మంచం దగ్గర మా అత్త బిడ్డ కళ్ళు చూసి, 'అమ్మయ్య, మావాడి పోలికే' అంది."

"మీకు కోపం రాలేదా ఆంటీ?"

"కోపమా? ఆవిడకంటే ముందు నేనే చూసుకుని, దేవుడికి దండం పెట్టుకున్నాను."