మూడు వేళ్ళ వల

1998లో నేను బందరులో అంగన్‌వాడీ టీచర్లకు శిక్షణ ఇచ్చే కేంద్రంలో డ్రాయింగు మాస్టారుగా పనిచేస్తున్నాను. మూడేళ్ళ పిల్లకు అక్షరం రాకముందే లెక్క, రంగు, ఆకారం తెలియాలంటే చేతికి ఏదో ఒకటి ఇవ్వాలి. అలా ఇచ్చేవాటిని మా వృత్తిలో టి.ఎల్.ఎం. అంటారు, టీచింగ్ లెర్నింగ్ మెటీరియల్. చింతగింజ దగ్గర్నుంచి రంగుల చార్టు దాకా అన్నీ అందులోకే వస్తాయి. ఆ రోజుల్లో కృష్ణా జిల్లాలో టి.ఎల్.ఎం. అంటే నేనే. గుడివాడ నుంచి నాగాయలంక దాకా నా బొమ్మ వేలాడని అంగన్‌వాడీ గోడ లేదు.

గోడలున్న అంగన్‌వాడీలు ఎన్నని మాత్రం అడక్కండి.

ఊళ్ళో దొరికే వస్తువులతో బోధన సామగ్రి ఎలా చేసుకోవాలో టీచర్లకు ఒక చిన్న పుస్తకం రాసిపెట్టమని పైవాళ్ళు నాకు అప్పగించారు. దానికోసం ఆరు నెలలు దివిసీమ తీరమంతా కాలినడకన తిరిగానని ముందుమాటలో రాసుకున్నాను. చదివినవాళ్ళు ఆహా అన్నారు. నిజానికి ఆరు నెలలు కాదు, ఒక్క రోజు. కాలినడకా కాదు. నాగాయలంక దాకా బస్సు, అక్కణ్ణుంచి ఎవరిదో సైకిలు వెనక సీటు.

వెళ్ళింది ఒక జాలర్ల పల్లెకు. టీచరమ్మ రాలేదు. అవనిగడ్డ నుంచి రావాలి, వారానికి రెండు రోజులు వస్తే గొప్ప. కేంద్రాన్ని నడుపుతున్నది ఆయా తిరుపతమ్మ. వంట చెయ్యడం, ఊడవడం, పిల్లల్ని ఇళ్ళ నుంచి పోగేసుకు రావడం ఆయా పని. పాఠం ఆవిడ పని కాదు, అయినా చెబుతోంది. వెదురు బద్దకు నాలుగు పాత వలముక్కలు కట్టి ఉన్నాయి.

"ఇదేంటమ్మా?" అన్నాను.

"లెక్కలండి. మావోళ్ళు వల కన్ను వేళ్ళతోనే కొలుస్తారు కదండీ, రెండు వేళ్ళ వల, మూడు వేళ్ళ వల అని. పిల్లలు ఇంటికాడ రోజూ వినే మాటే. ఈళ్ళ చేతులకి సరిపడేయి చూసి కట్టాను."

వల గడిని అక్కడ కన్ను అంటారు. ఒక పిల్ల వచ్చి రెండు వేళ్ళు జోడించి రెండో ముక్క కన్నులో దూర్చింది. మూడో వేలు కలిపితే పట్టలేదు. పక్క ముక్కకు జరిగింది. మూడూ కలిసి సరిగ్గా పట్టాయి. "మూడు!" అని అరిచింది.

"చూశారా, నేను చెప్పక్కర్లేదండి. వలే చెప్పుద్ది."

ఇంకా గవ్వలూ, వల తేలడానికి కట్టే బెండ్లూ, తాటాకులతో చేసినవి బోలెడు చూపించింది. అన్నీ రాసుకున్నాను. చేపల పులుసుతో అన్నం పెడితే రెండుసార్లు వడ్డించుకు తిన్నాను.

"ఇయ్యన్నీ పుస్తకంలో ఏస్తారా మాస్టారూ?"

"వేస్తానమ్మా, నీ పేరుతో సహా."

పేరు వెయ్యలేదు. మర్చిపోయానని చాలా కాలం నాకు నేనే చెప్పుకున్నాను. మర్చిపోలేదు. ఆవిడ పేరు వేస్తే నా ఆరు నెలల నడక ఏమైపోవాలి?

వల మొదటి పేజీలోకి ఎక్కింది. బొమ్మ బందరులో కూర్చుని గీశాను. నాలుగు ముక్కలు కాస్తా ఒకే వల అయింది. అన్నీ చిన్న చిన్న కన్నులు, ఒక్కో కన్నులో ఒక్కో వేలు. చూడ్డానికి ముచ్చటగా ఉంది, కానీ తప్పు. జన్మలో వల పట్టుకున్నవాణ్ణయితే కదా!

మరుసటి ఏడు అక్కడి టీచరమ్మ ఉద్యోగం మానేసింది. పది పాసైన ఆయాకు ఆ పోస్టు అడిగే వీలుంది. ఇద్దరు పిల్లలు పుట్టాక తిరుపతమ్మ ప్రైవేటుగా కట్టి పది పాసైంది ఇందుకోసమే. ఇంటర్వ్యూలో ఒక ఆఫీసరు గారు, ఒక సూపర్‌వైజరమ్మ, నిపుణుడి హోదాలో నేను. నన్ను చూడగానే ఆవిడ ముఖం విప్పారింది. లోపల తన మనిషి ఒకడున్నాడనుకుంది.

"పిల్లలకి మూడు అంకె ఎలా నేర్పుతావమ్మా?" అని ఆఫీసరు గారు అడిగారు.

"మూడు వేళ్ళ వలతోనండి. మూడు వేళ్ళూ ఒకే కన్నులో పట్టాలండి."

ఆయన నా పుస్తకం తెరిచారు. "ఒక్కో కన్నులో ఒక్కో వేలు కదమ్మా, ఇక్కడున్నది?"

"అట్టా అయితే తెలవదండి. వేళ్ళు ఇరుక్కుంటాయంతే."

"మాస్టారి పుస్తకంలోది చెప్పడానికొచ్చావు, అదైనా సరిగ్గా చదూకోలేదు!" ఆయన నవ్వి నావైపు తిరిగారు. "ఏమంటారు మాస్టారూ?"

ఆవిడ నన్నే చూస్తోంది. నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.

"పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదండీ," అన్నాను.

ఆవిడ 'ఇది నాదే' అనలేదు. బయట వరండాలో ఎదురుపడినప్పుడు మాత్రం, "బొమ్మ తప్పేశారండి," అంది. పేరు సంగతి ఎత్తనే లేదు.

ఉద్యోగం పక్క ఊళ్ళోని ఇంటరు చదివిన అమ్మాయికి వచ్చింది. రెండేళ్ళ తర్వాత తనిఖీకి వెళ్ళాను. పాపం ఆ అమ్మాయి బుద్ధిమంతురాలు, అచ్చం నా బొమ్మలో ఉన్నట్టే వల కట్టించింది. నాకు చూపించడానికి ఒక పిల్లాణ్ణి పిలిచింది. వాడి వేళ్ళు కన్నుల్లో ఇరుక్కున్నాయి. లాక్కోలేక ఏడుపు లంకించుకున్నాడు. పొయ్యి దగ్గర్నుంచి తిరుపతమ్మ లేచి వచ్చి, ఒక్కో వేలే మెల్లగా విడిపించింది.

"ఊరుకో నాన్నా, అయిపోయింది. మాస్టారు చూశారుగా, ఇంక తీసెయ్యొచ్చు," అంది వాడితో.

రెండో ముద్రణలో బొమ్మ సరిచేశాను. పేరు జోలికి పోలేదు. తిరుపతమ్మ ఆయాగానే ఉండిపోయింది.

పిల్లల చేతికి ఏది ఇవ్వాలో ఆ పిల్లల ఊరివాళ్ళకే తెలుస్తుంది, అడిగి తెచ్చుకోవాలి, తెచ్చుకుంటే ఇచ్చినవాళ్ళ పేరు చెప్పాలి. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే. రిటైరయ్యేదాకా శిక్షణకు వచ్చిన ప్రతి బ్యాచికీ ఈ మాట చెప్పాను. ఎవరి దగ్గర నేర్చుకున్నానో ఒక్కసారీ చెప్పలేదు. గది గదంతా చప్పట్లు కొట్టేది. అవీ నేనే పుచ్చుకున్నాను.