మట్టి మెత్తిన గ్యాస్ పొయ్యి

2022 ఎండాకాలం. నరసరావుపేటలో మాది గ్యాస్ పొయ్యిలు బాగుచేసే కొట్టు. మా ఆయన పోయాక ఆయన పానాలు నేనే పట్టుకున్నాను. ఇళ్లలో పొయ్యిలకు ఆడవాళ్లు పిలిచేవాళ్లు గాని, పెళ్లి వంటల మేస్త్రీలు ఒక్కొక్కరే వేరే కొట్టుకు మళ్లారు. కొట్టు నిలబడేది వాళ్ల పెద్ద పొయ్యిల మీదే. ఇంకో సీజను అలాగే పోతే తాళం వెయ్యడమే.

అలాంటప్పుడు మాచవరంలో ఒక పెళ్లింటి నుంచి శేషయ్య మేస్త్రి ఫోన్ చేశాడు. పొయ్యిలు వెలుగుతున్నాయి, ఎసరు మాత్రం కాగడం లేదట. అతని మెకానిక్ ఫోన్ ఎత్తకపోబట్టే నన్ను పిలిచాడు. ఆ మాట దాచలేదు కూడా. సంచీ తీసుకుని ఆటో ఎక్కాను.

నన్ను చూసి పెళ్లికూతురి మేనమామ, "మగోళ్లెవురూ దొరకలేదా ఏంది?" అన్నాడు.

"దొరికిందాకా నీ చుట్టాలు ఆకలికి ఆగుతారా అన్నా?" అని నా దారిన పొయ్యిల దగ్గరికి పోయాను.

మంటలన్నీ పసుపు రంగులో సోమరిగా ఊగుతున్నాయి. గుండిగల కింద మసి. శేషయ్య సిలిండర్లు మార్చాడు, రెగ్యులేటర్లు మార్చాడు, గ్యాసు పూర్తిగా తిప్పాడు. తిప్పేకొద్దీ మసి పెరిగింది. వంగి చూస్తే సంగతి తెలిసింది. కట్టెల పొయ్యికి మెత్తినట్టు, గుండిగకీ స్టాండుకీ మధ్య సందులన్నీ ఎర్రమట్టితో మెత్తేశాడు. కట్టెల పొయ్యికైతే కట్టె పెట్టే నోరు తెరిచి ఉంటుంది, గాలి అటునుంచి పోతుంది. ఇక్కడ ఆ నోరూ లేదు. బర్నర్ వెనక గాలి పీల్చే బిళ్ల, ఎయిర్ షట్టర్ అంటాం, అది కూడా మట్టిలో కూరుకుపోయింది.

మట్టి కొట్టెయ్యాలన్నాను. శేషయ్యకు నచ్చలేదు. "సెగంతా బయటికి పోద్ది. మా నాయన కాడనుంచీ మెత్తతన్నాం. కొట్టినాక ఎసరు కాగకపోతే పెళ్లోళ్లకి నువ్వే చెప్పుకోవాల."

మా అమ్మాయి అప్పుడు పదో తరగతి. కొట్టులో కూర్చుని సమీకరణాలు పైకి చదివేది. మండడమంటే గ్యాసు ఆక్సిజన్‌తో కలవడం, ఇటు ఎన్ని అణువులు పోతే అటు అన్నీ తేలాలి, ఆ లెక్క సరిచెయ్యడాన్నే బ్యాలెన్స్ చెయ్యడం అంటారని చెప్పేది. నాకు అక్షరాలు అంతంతమాత్రం గాని లెక్క మాత్రం పట్టుబడింది. దాన్ని వంట మేస్త్రికి అర్థమయ్యేటట్టు చెప్పాను.

"బాబాయ్, మన సిలిండర్లో ప్రొపేన్ అని ఒకటుంటది. దాని పంక్తిలో ముగ్గురు పెద్దోళ్లు, కార్బన్లు. ఎనిమిది మంది పిల్లోళ్లు, హైడ్రోజన్లు. పెద్దోడికి రెండేసి గారెలు, పిల్లోళ్లకి ఇద్దరికొకటి. ఎన్ని కావాల?"

"పది."

"ఆ గారెలే ఆక్సిజన్. అది జంటగానే వస్తది, కాబట్టి అయిదు జంటలు. గాలిలో ఆక్సిజన్ అయిదో వంతే. అంటే ఒక పాలు గ్యాసుకి పాతిక పాళ్ల గాలి కావాల. నువ్వేమో వడ్డించేవాణ్ని బయట నిలబెట్టి తలుపేసి, పంక్తిలోకి ఇంకా జనాన్ని తోలతన్నావు. గారె అందని పెద్దోళ్లే మసై నీ గుండిగకి అంటుకున్నారు."

శేషయ్య గ్యాసు కట్టించి, నా చేతిలో సుత్తి తీసుకుని మట్టి తనే పగలగొట్టాడు.

నేను బర్నర్లు దులిపి, షట్టర్లు తెరిచి సరిచేసి, మళ్లీ వెలిగించాను. బుస్సుమంటూ నీలం మంట లేచింది. ఒకదాని తర్వాత ఒకటి, అన్నీ నీలమే. ఎసరు తెర్లింది, బియ్యం పడ్డాయి, మొదటి పంక్తి అనుకున్న వేళకే లేచింది. శేషయ్య తన మనుషుల్ని పిలిచి, "ఒరేయ్, ఇకనుంచి ఈమె చూడకుండా మన పొయ్యి వెలిగించమాకండి" అన్నాడు. మేనమామ అక్కడే నిలబడి విన్నాడు.

ఆ సీజను ముగిసేసరికి వంట మేస్త్రీల పొయ్యిలు మా కొట్టులో పట్టక బజారు మీదికొచ్చాయి. మంట నీరసపడితే అందరి చెయ్యీ గ్యాసు తిప్పే నాబు మీదికే పోతుంది. నేను మాత్రం దాన్ని ముట్టుకోను. గాలికి ఎవరు అడ్డం కూర్చున్నారో ముందు చూస్తాను.