గాలి సున్నా అని చెప్పనివ్వని మా నీలక్క

నిన్న పొద్దున లంజిపల్లిలో ఆఫీస్ ముందు స్కూటర్‌కి స్టాండ్ వేస్తుంటే నీలక్క తమ్ముడు ఫోన్ చేశాడు. రాత్రి నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

లోపలికెళ్లి ఆవిడ కుర్చీ చూశాను. ఎందుకో తెలీదు.

నీలవేణి. మాకు నీలక్క. సముద్రం ఒడ్డున సోనేపూర్‌లో చేపల వేటకెళ్లే ఇంటి పిల్ల, మా చిన్న కంపెనీలో నా సీనియర్. పడవల వాళ్ల ఫోన్లకి గాలి, అలల హెచ్చరికలు పంపే ప్రోగ్రామ్ మా ఇద్దరిదీ.

మొదట్లో దాన్ని సి లాంగ్వేజ్‌లో రాశాం. ఒకరోజు గాలి రీడింగ్ రాలేదు. రాని రీడింగ్‌ని మా ప్రోగ్రామ్ సున్నా అనుకుంది. "గాలి లేదు" అని అందరికీ మెసేజ్ వెళ్లిపోయింది.

ఆ రోజు నీలక్క సెలవు పెట్టి ఊళ్లోనే ఉంది. తమ్ముడు ఆ మెసేజ్ నమ్మి పడవని నీళ్లలోకి తోస్తుంటే, పరిగెత్తుకెళ్లి పడవ తాడు పట్టుకుని ఇసుకలో కూర్చుండిపోయిందట. "అది రాసింది నేనే, నమ్మొద్దు" అని ఊరందరి ముందూ అరిచిందట.

మర్నాడు ఆఫీసుకొచ్చి, మొత్తం రస్ట్ అనే ఇంకో లాంగ్వేజ్‌లో తిరగరాద్దాం అంది. రీడింగ్ రాకపోతే ఏం చెయ్యాలో రాసేదాకా ఆ లాంగ్వేజ్ మనల్ని ముందుకెళ్లనివ్వదు.

నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఉంది, జాగ్రత్తగా రాసుకుంటే చాలదా, లాంగ్వేజ్ పనిముట్టా పోలీసా అని వాదించాను. కొత్తవాళ్లకి నరకం అన్నాను. అదీ నిజమే. తప్పు కనపడితే ఆపేసే ఆ కంపైలర్‌ని మా ఒడియా కుర్రాళ్లు వాళ్ల భాషలో తిట్టని రోజు లేదు.

ఆవిడ టీ గ్లాసు పక్కన పెట్టి ఒక్కటే అడిగింది.

"ఒరే, నువ్వు జాగర్తగా ఉన్న రోజు నాకు బయం నేదు. నేని రోజు సంగతేటి?"

అలాగని గుడ్డి నమ్మకమేం లేదు. కంపైలర్ వెళ్లి సముద్రం చూసిరాదు కదా అనేది. అవసరమైతే ఆ కాపలా తీసే దారీ ఉండాలనేది. తలుపు గడియ లాగా. తీయొచ్చు, కానీ తీస్తున్నామని తెలిసి తీయాలి.

నేను పూర్తిగా ఒప్పుకోలేదు. నిన్నటిదాకా.

నిన్న మధ్యాహ్నం సోనేపూర్‌లో ఆవిడని సాగనంపి వచ్చాం. సాయంత్రానికి గాలి పెరుగుతోంది. ఇటు చూస్తే, మాకు రీడింగులు వచ్చే ఫార్మాట్ మారిపోయి ప్రోగ్రామ్ ఆగిపోయింది. ఇలాంటివి ఎప్పుడూ ఆవిడే చూసేది. నేను కూర్చున్నాను.

కళ్లు సరిగా కనపడట్లేదు. ఏదో రాశాను.

కంపైలర్ ఒప్పుకోలేదు. గాలి రీడింగ్ రాకపోతే ఏం చేస్తావో రాయలేదంది.

మళ్లీ అదే తప్పు. సి అయితే నోరెత్తేది కాదు. గాలి సున్నా అని పంపేసేవాణ్ని, ఆవిడ పోయిన రోజునే, ఆవిడ ఊరివాళ్లకే.



సరిదిద్దాను. హెచ్చరిక వెళ్లింది. కాసేపటికి ఆవిడ తమ్ముడు మెసేజ్ పెట్టాడు, "పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయన్నా" అని.

అక్కా, నువ్వన్న ఆ రోజు నిన్ననే వచ్చింది. నేను జాగ్రత్తగా లేను.

నువ్వు ఉన్నావు.

ఇంక ఆ తాడు వదిలేసి హాయిగా పడుకో నీలక్కా. మేం పట్టుకుంటాం.