పర్వతాలు మామ పెట్టిన మూడు గాట్లు

కొత్తకోట హైవే పక్కన పర్వతాలు మామ మెకానిక్ షెడ్డు ఉంటది. దాని పక్కన నా పంక్చర్ డబ్బా. మామకు యాభై తొమ్మిదేండ్లు. మోకాళ్లు పోయినయి గని నోరు మాత్రం కొత్త హారనే. పాత కార్లంటే పానం. బానెట్ లేపి చెవి పెడ్తడు, "మూడో ప్లగ్గు దగ్గుతాంది" అంటడు. ఇప్పి చూస్తే నిజంగనే మూడోది మసిబొగ్గు లెక్క ఉంటది.

మామకు లోకంల ఒక్కడే దుష్మన్. విజేందర్. ఆరేండ్లు మామ దగ్గర్నే పని నేర్చుకుని, రోడ్డుకు అవతల అద్దాల షాపు పెట్టిండు. పెట్టుకుంటే పెట్టుకున్నడు. గిరాకీ కోసం ఊరంత ఒక మాట జెప్పిండు: "మా ఉస్తాద్ పాత ప్లగ్గులు గీకి, కొత్తయని ఏస్తడు. నా కండ్లతోని చూసిన."

మామ జిందగిల గా పని చెయ్యలే. కని అబద్ధానికి కాళ్లుంటయి, నిజానికేమో మోకాళ్ల నొప్పి. ఒక్కొక్క బండి రోడ్డు దాటి అవతలికి పోయింది.

మూడేండ్లు మామ కుర్చీ అటు దిక్కే తిప్పుకుని కూసున్నడు. చాయ్ తాగినా గా షాపు దిక్కు చూస్కుంటనే తాగుడు.

"మామా, వాని కారు సైలెన్సర్ల ఆలుగడ్డ దూర్చాల్నా?" అని అడిగిన.

"బండేం పాపం జేసిందిరా గాడిది? పగ మనిషి మీద."

"పోనీ బోర్డుకు పేడ కొట్టాల్నా?"

"పేడ దండగ."

నింద పడ్డ దినం సంది మామ ఒక అలవాటు పట్టిండు. తీసేసిన ప్రతి పాత ప్లగ్గుకు, పానా పట్టే కాడ, ఆకురాయితోని మూడు గాట్లు పెట్టుడు. సన్నగ, చీమ కొరికినట్టు. "సచ్చినదానికి గుర్తుండాలెరా. గీ గాట్లున్నది నేను ఏ బండికన్న బిగించిన్నా, చూపియ్యమంట." ఇగ డబ్బాల పడేస్తే పాత సామాన్లోడు కొంటవొయ్యేటోడు.

మొన్న దసరాకు నాలుగు దినాల ముంగట ఉమారాణి టీచర్ పాత మారుతి ఎగురుకుంట, గునుసుకుంట వచ్చి మా ముంగట్నే ఆగింది. విజేందర్ అత్తగారింటికి పోయిండని షాపు బందుండె. లేకుంటే ఆమె మా దిక్కు చూస్తదా?

"విజేందర్ కొత్త ప్లగ్గులు ఏసి ఎనిమిది దినాలే అయితాంది. పొద్దుగాల ఎంత సెల్ఫ్ కొట్టినా లేస్తలేదు" అన్నది.

మామ ఇంజన్ సల్లారనిచ్చిండు. వేడి మీద ఇప్పితే మర పోతది. వైరు గుంజి, దుమ్ము ఊది, పానా పెట్టి తిప్పిండు. మొదటి ప్లగ్గును ఎండకు పట్టి చూసిండు. తుడిచి మల్ల చూసిండు.

మూడు గాట్లు.

రెండోదానికి మూడు. మూడోదానికి గూడ. సాండ్‌పేపర్‌తోని మిలమిల మెరిసేటట్టు గీకిండ్రు గని, కొస అరిగి మొండిగైంది. పాత సామాన్లోని దగ్గర కొన్నడన్నట్టు.

మామ మూడేండ్లకు నవ్విండు. నాకైతే భయమైంది.

కొత్తయి మూడు తీసి, సందు చూసుకుని, ముందు చేత్తోని తిప్పి, ఆఖర్ల పానాతోని జర బిగించిండు. బండి పిల్లి తీరుగ గుర్రుమన్నది. పాతయి జేబుల ఏసుకున్నడు.

"మేడం, ఎవ్వలకు జెప్పకుండ్రి. దసరా నాడు జమ్మి యాళ్లకు గీడికి రాండ్రి."

"ఇప్పుడే పోయి కాలర్ పడుదాం మామా!" అన్న.

"ఊకో. వాడే నడుసుకుంట వస్తడు."

నిజమే. దసరా నాడు పొద్దు గూకే యాళ్లకు జమ్మి ఆకు పట్టుకొచ్చి, బంగారమని పెద్దోళ్ల చేతుల పెట్టి కాళ్లు మొక్కాలె. ఉస్తాద్‌కు పెట్టకుంటే పనోళ్లల్ల ఇజ్జత్ పోతది. పదిమంది చూస్తరని విజేందర్ ఏటా వస్తడు.

గానాడు షెడ్డు ముంగట బంతిపూల దండలేసిన బండ్లు, ముప్పై మంది జనం, అండ్ల ఉమారాణి టీచర్. విజేందర్ మల్లెపువ్వసొంటి తెల్లంగి తొడుక్కుని రోడ్డు దాటుతాండు. మామ సప్పుడు చెయ్యకుండ లోపలికి పోయి, రెండు చేతులు మణికట్ల దాక పాత ఇంజనాయిల్ డబ్బాల ముంచిండు.

"ఏంది ఉస్తాద్, పండుగనాడు గూడ పనేనా?"

"మెకానిక్ చేతులు బిడ్డా. పెట్టు."

విజేందర్ జమ్మి పెట్టి కాళ్లు మొక్కిండు. మామ పూజ తట్టలకెల్లి కుంకుమ పెట్టిన మూడు ప్లగ్గులు తీసి వాని చేతిల పోసిండు.

"ఇగో, నీ బంగారం. నేను గాట్లు పెట్టి పారేసినయి. మేడం కార్ల ఎట్ల లేచినయి బిడ్డా?"

"కొత్తయని డబ్బా గూడ చూపిచ్చినవ్ గద విజేందర్!" అన్నది టీచర్.

విజేందర్ ప్లగ్గులు కనపడకుండ పిడికిలి మూసిండు. ఎనక టపటపమని బానెట్లు లేస్తున్నయి. "మామా, నాది గూడ జర చూడే!"

"పండుగనాడు పానా ముట్ట. రేపు రాండ్రి."

"పదిమందిల ఇజ్జత్ తీస్తివి ఉస్తాద్" అని విజేందర్ గొణిగిండు.

"నాది మూడేండ్లు తీసినవ్. ఆగు, ఇంక కాలే. జమ్మి పెట్టినంక అలాయ్ బలాయ్ తీస్కోవాలె గద? రా."

గట్టిగ అలుముకున్నడు. శానసేపు. వీపు మీద రెండు చేతులు తీరుగ ఆనించి.

విజేందర్ రోడ్డు దాటి పోతాంటే అందరం ఎనకకెల్లి చూసినం. తెల్లంగి మీద రెండు నల్లటి చేతులు, పది వేళ్లూ సాఫ్‌గ.

మామ కుర్చీ మా దిక్కు తిప్పుకుని కూసున్నడు.

"ఇగ సర్ఫ్ తేరా" అన్నడు.